తొమ్మిదో మజిలీలో తోడు

మౌనగిరులకు ఆ పేరు పెట్టినవాడెవడో గాని తెలిసే పెట్టాడు. ఆ కొండల్లో పిట్ట కూయదు, కీచురాయి అరవదు. ఇంద్రనీలాలు రాశి పోసినట్టు పొరలు పొరలుగా లేచిన శిఖరాలు, వాటి నడుములకు చుట్టుకున్న పాలమబ్బులు, ఎండపొడ తగిలితే పచ్చలూ కెంపులూ ఒలికినట్టు మెరిసే లోయలు, ఆకాశం అంచు నుంచి నురుగులు కక్కుతూ దూకే జలపాతాలు. ఆ జలపాతాలకు కూడా నోరు లేదు. అంత ఎత్తు నుంచి దూకిన నీరు సగం దారిలోనే తుంపరై గాలిలో కలిసిపోతుంది. చూడడానికి స్వర్గమే. నాలుగు రోజులు ఉండి చూస్తే మాత్రం స్వర్గం మీద మోజు తీరిపోతుంది.

అలాంటి చోట తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక ఇరవయ్యేళ్ళ యువకుడు తన చేతికర్రతో మాట్లాడుకుంటూ నడుస్తున్నాడు. "ఏమోయ్, ఇవాళ నీ పొన్ను చప్పుడు తగ్గిందే? అలిగావా?" అని దాన్ని పలకరించాడు. కర్ర పలకలేదు. మాసిన గొంగడి, కిర్రుచెప్పులు, నడుముకు బిగించిన మూట, భుజాన వేలాడే నీళ్ళ సొరబుర్ర. ఒక మాంత్రికుడు పొగతో చేసి ఆకాశంలో తిప్పుతున్న గద్దలకు, ఆ కొండదారిని కాపాడే బాటకాపుల్లో ఒకడిలా కనబడాలని వేసిన వేషం అది. నిజానికి అతడు రత్నగోపుర రాజ్యానికి యువరాజు, కీర్తిధరుడు.

ఆ రాజ్యానికి వచ్చిన కష్టం ఇదీ. మహారాజు తూర్పు సరిహద్దున యుద్ధంలో ఉండగా ధూమ్రజటుడనే మాంత్రికుడు గాలిలో ఎగిరి కొలువులోకి వచ్చి, మహారాణి హైమవతీదేవిని, "నీ కొడుకును నాకు శిష్యుడిగా ఇవ్వు. బలవంతాన తీసుకుపోతే నాకు పనికిరాడు. నువ్వు పంపితే ఇష్టపడి వస్తాడు" అని అడిగాడు. ఆవిడ ఇవ్వనంది. మాంత్రికుడు తన జడల్లోంచి లేచిన పొగను ఆవిడ పాదాల మీదికి ఊదాడు. కాలివేళ్ళ దగ్గర మొదలైన రాయితనం రోజుకు నాలుగు వేళ్ళ మందాన పైకి పాకుతోంది. పదహారో రోజు సూర్యాస్తమయానికి గుండెను చేరుతుంది.

విరుగుడు ఒక్కటే. పదిహేనో మజిలీలో ఉన్న తెల్లూట అనే నీటి ఊటలో ఆవిడ కాలి మట్టె ముంచాలి. ముంచిన క్షణాన అక్కడ రాయి కరుగుతుంది. ముత్తైదువ మట్టె తీయకూడదు. అయినా పాదం పూర్తిగా బిగుసుకోకముందే మహారాణి తానే వంగి తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఆ దారి గుర్రం ఎక్కదు, పల్లకి పట్టదు. పోనీ నలుగురిని వెంటబెట్టుకు పోదామంటే ఒక్కో మజిలీలో రాతి పగులు నుంచి రోజంతా చుక్క చుక్కగా ఊరే నీరు ఒక్క సొరబుర్రకే సరిపోతుంది. అందుకే బాటకాపులు ఎప్పుడూ ఒక్కొక్కరే నడుస్తారు. ఒకడు వెళ్ళిన మూడు నాలుగు రోజులకు గాని ఇంకొకడు బయల్దేరడు.

అలవాటు లేని ఔపోసనం చేస్తే మీసాలు కాలాయని సామెత. కీర్తిధరుడి మీసాలు కాలకుండా కాపాడినవాడు కోనప్ప. యాభై ఏళ్ళు ఆ దారి నడిచి, మోకాళ్ళు మొరాయిస్తే ఊళ్ళో కూర్చున్న ముసలి బాటకాపు. యువరాజు సిద్ధం చేసుకున్న మూట విప్పి, ఒక్కో వస్తువూ బయటికి తీసి పక్కన పడేశాడు.

"ఇదేటి బాబూ, పెళ్ళికెళ్తన్నారా? పట్టుపరుపు, పన్నీరుబుడ్డి, ఎండిపళ్ళెం! కొండెక్కేక ఈ పళ్ళెం మిమ్మల్ని మొయ్యదు. మీరే దాన్ని మొయ్యాల."

"మరి ఏం తీసుకెళ్ళను తాతా?"

"అటుకులు, బెల్లం, ఏపిన శెనగలు, ఉప్పు. ఆముదం బుడ్డి. సెకుముకి రాయి. బట్టలు రెండు జతలు, నడకకి ఒకటీ పడకకి ఒకటీ. నడక జత తడిసిపోద్ది. తడవనీండి. పొద్దున్న లేసి ఆ తడిదే కట్టుకోండి. ఒణుకొస్తాది, పది బారలు నడిస్తే అదే పోతాది. పొడిజత మీద మోజుపడి అది కట్టుకున్నారా, సాయంత్రానికి రెండూ తడే. ఇంక మీ పని సరి."

యువరాజు శ్రద్ధగా తల ఊపాడు. కోనప్ప ఆగలేదు.

"దాహం ఎయ్యకముందే గుక్కెడు తాగండి. ఆకలి కాకముందే గుప్పెడు నమలండి. అలుపు రాకముందే కూకోండి. ఒచ్చేక సేసేదంతా ఆలీసమే. సెమట పట్టీలాగ పరిగెట్టకండి, ఆగేక ఆ సెమటే సలై పీక్కు తింటాది. పడుకునేటప్పుడు పైన కప్పుకున్నది కాదు, కిందేసుకున్నది కాపాడద్ది. మోకాలెత్తు ఎండాకు పరిసి ఒరగండి. కాలికి బొబ్బలెక్కితే గిల్లకండి. ఆముదం రాసి ఆకు కట్టి ఒగ్గీండి, దాని మానాన అదే ఎండిపోద్ది."

"ఇంకేమైనా ఉందా?"

కోనప్ప తన మోకాళ్ళు నిమురుకున్నాడు. "కాళ్ళకి మందు సెప్పేను బాబూ. రెండోదానికి నా కాడ మందు లేదు. నాలుగోరోజు కాణ్ణించి మీకే తెలుస్తాది," అన్నాడు.

తెలిసింది. మొదటి మూడు రోజులూ కాళ్ళ నొప్పి తప్ప మరో ఆలోచన లేదు. నాలుగోరోజుకు కాళ్ళు దారికి వచ్చాయి. అప్పటి నుంచి నొప్పి పైకి పాకింది. పుట్టాక ఏనాడూ ఒంటరిగా అన్నం తినని పిల్లవాడు అతడు. స్నానానికి నలుగురు, నిద్రకు ఇద్దరు, దగ్గితే వైద్యుడు. ఇక్కడ దగ్గితే కొండ కూడా మారు దగ్గదు. ప్రతి మజిలీలోనూ బండ కింద ముందు వెళ్ళిన బాటకాపు వదిలిన ఎండుకట్టెల మోపు ఉండేది. వెనక వచ్చేవాడెవడో తెలియకుండానే వాడి కోసం ఏరి పెట్టడం వాళ్ళ ఆచారం. ఆ కట్టెలు అంటించడానికి కీర్తిధరుడికి మనసొప్పేది కాదు. ఎవరో తాకిన వస్తువని కాసేపు ఒళ్ళో పెట్టుకు కూర్చునేవాడు. ఆ తర్వాత తన వంతు మోపు ఏరి అక్కడ పెట్టి, తెల్లారగానే మట్టెను కొంగున తడిమి చూసుకుని కదిలేవాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం దారి ఒక తీగల వంతెన దగ్గరికి చేరింది. కింద చూపు అందని లోయ. కీర్తిధరుడు వంతెన మధ్యకు వచ్చేసరికి, తలమీద తిరుగుతున్న మూడు పొగగద్దలు ఒక్కసారిగా రెక్కలు ముడిచి దిగాయి. వాటికి ముక్కులు లేవు, కళ్ళు లేవు, నిప్పు గోళ్ళు మాత్రం ఉన్నాయి. మొదటిది కుడితీగను కోసేసింది. వంతెన పక్కకు తిరగబడింది. కీర్తిధరుడు ఎడమతీగను పట్టుకుని గబ్బిలంలా వేలాడాడు. రెండో గద్ద అతడి చేతుల మీదికి వచ్చింది. కాళ్ళు రెండూ ముడిచి ఊగి, ఊపు మీద కర్ర ఇనప పొన్నుతో దాని రొమ్మున పొడిచాడు. అది బూడిదై రాలింది. మూడోది మిగిలిన తీగను గోళ్ళతో కోస్తుండగానే చేతులు మార్చి మార్చి ప్రాకి, తీగ ఫట్టుమన్న క్షణాన అవతలి గట్టు వేరును అందుకున్నాడు. అరచేతుల తోలు లేచిపోయింది. పైకెక్కి బోర్లా పడ్డాడో లేదో, కుండలతో కుమ్మరించినట్టు వడగళ్ళవాన మొదలై, మిగిలిన రెండు గద్దలూ ఆ వానకు చెదిరిపోయాయి.

వానలో పడి లేచి, జారి పాకి, తొమ్మిదో మజిలీ గుహ చేరేసరికి పొద్దు వాలింది. గుహ ముందుకు రాగానే అతడి కాళ్ళు నిలిచిపోయాయి. లోపల నిప్పు వెలుగుతోంది. ఉలవచారు కాగుతున్న వాసన ముక్కుకు కమ్మగా తగిలింది.

"రా తమ్ముడూ, రా! గుమ్మంలో నిలబడతావేం? ముందు ఆ తడిబట్టలు విప్పు!"

మనిషి గొంతు. తొమ్మిది రోజుల తర్వాత మనిషి గొంతు! కీర్తిధరుడి కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. మొహం అప్పటికే వానకు తడిసి ఉంది గనక పరువు దక్కింది. రాజభవనంలో అతడిని ప్రభూ అన్నవాళ్ళున్నారు, కుమారా అన్నవాళ్ళున్నారు. తమ్ముడూ అని పిలిచినవాడు లేడు.

నిప్పు పక్కన కూర్చున్నవాడికి నలభై ఏళ్ళుంటాయి. గుండ్రటి మొహం, బాటకాపు గొంగడి, పిక్కల దాకా చుట్టుకున్న గుడ్డపేలికలు. తన పేరు చెంగన్న అన్నాడు. ముందున్న దారి మీద చరియ విరిగిపడితే తొలగించడానికి ఆగానన్నాడు. "నిన్నెప్పుడూ చూడలేదే?" అని అడిగాడు.

"కొత్తగా చేరానన్నా. సాంబన్న అంటారు," అన్నాడు కీర్తిధరుడు.

"ఎవరైతేనేం! మనిషివి, చాలు. కూర్చో, తిందాం."

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ రోజు కీర్తిధరుడి ఆకలికి రుచి కూడా తెలిసింది. కొర్రన్నంలో ఉలవచారు పోసుకుని ఇద్దరూ ఒకే ఆకులో తిన్నారు. ఒక్కడి నీళ్ళతో ఇద్దరి వంట ఎలా అయిందని అతడికి తోచనే లేదు. తోచినా అడిగేవాడు కాదేమో.

పొద్దున్న లేచి తడిజత అందుకోబోతే చెంగన్న పకపకా నవ్వాడు. "ఇంత చలిలో తడిబట్టలేంటి తమ్ముడూ? ఏ వెర్రివాడు చెప్పాడు? పొడివే ఉంచుకో, హాయిగా ఉంటుంది." కీర్తిధరుడు ఉంచుకున్నాడు. "అబ్బో, మడమ మీద ఎంత బొబ్బ! చిదిమెయ్, నీరు పోతే తేలికవుతుంది." చిదిమాడు. ఒక్క ఘడియ తేలికగానే ఉంది. తర్వాత మడమ ఎర్రగా వాచి నేల మీద మోపలేకపోయాడు. గుహ వెనక గోడలో ఉన్న పగులు నుంచి చలిగాలి కొడుతోందని చెంగన్న దానికి గడ్డీ బండా అడ్డం పెట్టి, నిప్పులో ఇంకో రెండు కట్టెలు వేశాడు. లోపల అమ్మ ఒడిలా వెచ్చగా అయింది.

"ఈ కాలితో ఎక్కడికి పోతావు? ఒక్కరోజు ఆగు," అన్నాడు చెంగన్న.

లెక్కలో ఒక్క రోజు మిగులుంది. పదహారు రోజుల గడువు, పదిహేను మజిలీల దారి. ఆపదకు దాచుకున్న ఆ ఒక్క రోజును కీర్తిధరుడు కబుర్లకు ఖర్చుపెట్టాడు. చెంగన్న ఎన్నో సంగతులు చెప్పాడు. ఏ సంగతిలోనూ రెండో మనిషి లేడని కీర్తిధరుడు గమనించలేదు. తాను నవ్వుతుంటే తన నవ్వు తనకే కొత్తగా వినబడింది.

"ఇంటి దగ్గర ఎవరున్నారు తమ్ముడూ?"

"అమ్మ. జబ్బుగా ఉంది."

చెంగన్న నిప్పులో ఒక కట్టె ఎగదోశాడు. "ఎదురుచూసే మనిషి ఉన్నప్పుడు జబ్బు కూడా మంచిదేలే," అన్నాడు.

పదకొండో రోజు తెల్లారింది. ఇక కదలాలి. కీర్తిధరుడు మూట కట్టాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు. "భోంచేసి పోదువులే," అన్నాడు చెంగన్న. భోజనం అయింది. "ఎండ దిగాక పోదువులే," అంటూ చెంగన్న వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. కీర్తిధరుడు గుహ ముందు నిలబడి ఎదుటి శిఖరం వైపు చూశాడు. ఈ సరికి అమ్మ నడుము దాకా రాయి అయి ఉంటుంది.  వెళ్ళిపోవాలి. కాని ఇంత చేసిన మనిషిని ఊరికే వదిలి ఎలా వెళ్ళడం? ఇవ్వడానికి చేతిలో ఏముంది గనక? ఆముదం బుడ్డి కనిపించింది. నడిచీ నడిచీ అలిసిన అన్న కాళ్ళకు కాస్త ఆముదం రాసి, పట్టి, దణ్ణం పెట్టి పోదామనుకున్నాడు. యువరాజు జన్మలో ఎవరి కాళ్ళూ పట్టి ఎరగడు. అయినా వెళ్ళి చెంగన్న పాదాల దగ్గర కూర్చుని, పేలికలు ఒక్కో చుట్టూ మెల్లగా విప్పాడు.

విప్పి, ఆముదం చేతిలో పోసుకుని, ఆగిపోయాడు.

ఆ పాదాలు మెత్తగా, గులాబీరంగులో, పురిటిబిడ్డ పాదాల్లా ఉన్నాయి. పగులు లేదు, కాయ లేదు. మడమ కింద గీత పడలేదు, బొటనవేలి గోరు నల్లబడలేదు. కీర్తిధరుడు తన కాలి వైపు చూసుకున్నాడు. పదకొండు రోజుల నడకకే అది ఎండిన చెరువులా ఉంది. ఏళ్ళ తరబడి ఈ దారి నడిచానన్నవాడి కాలు ఇలా ఉండదు. అసలు ఒక్కరోజు నడిచినా ఇలా ఉండదు. నేల మీద అడుగు పెట్టకుండా ఈ తొమ్మిదో మజిలీకి రాగలిగినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు.

మేఘం విడిపోయినట్టు అన్నీ అర్థమయ్యాయి. పొడిబట్టలు, చిదిమిన బొబ్బ, వెచ్చటి గుహ, పోదువులే పోదువులే అన్న ఆ తీపిమాట. అయినా నిజం చెప్పాలి గదా, ఒక్క క్షణం అతడికి ఆ పేలికలు మళ్ళీ చుట్టేసి, ఏమీ చూడనట్టు అన్న పక్కన కూర్చోవాలనిపించింది. ఆ కోరికకు తానే సిగ్గుపడి, చప్పుడు కాకుండా లేచి మూట అందుకున్నాడు.

"మంచికి పోయి చెడగొట్టుకున్నావు తమ్ముడూ," అన్నాడు చెంగన్న, కళ్ళు తెరవకుండానే.

మరుక్షణం ఆ గుండ్రటి మొహం మైనంలా కారిపోయింది. జడలు బుసబుసమంటూ లేచాయి. ప్రతి జడ కొసా పొగలు కక్కుతోంది. ధూమ్రజటుడు చేయి విసిరాడు. గుమ్మం దగ్గరున్న కిర్రుచెప్పులు ఎగిరి నిప్పులో పడి, చిటపటా ముడుచుకుపోయాయి. ఇంకో విసురుకు గుహ ముఖాన బండ దొర్లి పడింది. లోపల చీకటి, పొగ. ఆ పొగ చేతులై, తాళ్ళై, కీర్తిధరుడి మెడకు చుట్టుకుంది. కర్రతో కొడితే పొగకు దెబ్బేమిటి? ఊపిరి బిగిసి మోకాళ్ళ మీద కూలాడు. కూలినవాడి వేళ్ళకు వెనక గోడ దగ్గరి గడ్డి తగిలింది. చలిగాలి వస్తోందని ఆప్యాయంగా మూసిన పగులు! రెండు చేతులా అడ్డుబండను పట్టి లాగి పారేశాడు.

ఎత్తైన పొగగొట్టం నోరు తెరిచినట్టు గాలి హోరుమంది. గుహలోని పొగంతా ఒక్క ఉదుటున ఆ పగుల్లోకి లాగబడింది. పొగతో పాటు జడలు, జడలతో పాటు మాంత్రికుడు. "తమ్ముడూ!" అన్న కేక కొండ కడుపులో ఎక్కడికో జారిపోయింది. మంత్రం సడలి గుమ్మంలోని బండ పక్కకు ఒరిగింది. కీర్తిధరుడు కర్ర అందుకుని, మూట చంకన పెట్టి కాళ్ళకు బుద్ధిచెప్పాడు.

కాళ్ళకు బుద్ధి ఉంది గాని చెప్పులే లేవు. వంద బారలు పోయేసరికి వడగళ్ళకు పదునెక్కిన పలకరాళ్ళ మీద రక్తపు అడుగులు పడ్డాయి. కూర్చుని, ఒంటి మీది పొడిజత విప్పి, మూటలో మగ్గి ఇంకా ఆరని నడకజత కట్టుకున్నాడు. ఒళ్ళు జల్లుమని వణికింది. పొడిజతను నిలువునా చించి, పాదాలకు ఆముదం పట్టించి, పొర మీద పొర చుట్టాడు. ఇక పడుకునేటప్పుడు కట్టుకోవడానికి ఏమీ లేదు. ఆరు మజిలీలు మిగిలాయి. ఈ సగం రోజుతో కలిపి గడువు కూడా ఆరు రోజులే. తప్పటడుగు వేయడానికి ఒక్క పూట కూడా మిగల్లేదు.

తల ఎత్తేసరికి ఎదురుగా బండ మీద ధూమ్రజటుడు కూర్చుని ఉన్నాడు. అదే అతడి అసలు రూపం కాబోలు. బక్కచిక్కిన ముసలివాడు, పలచని జడలు, మోకాళ్ళ చుట్టూ కట్టుకున్న చేతులు. కీర్తిధరుడు కర్ర ఎత్తాడు.

"దించు. నిన్ను చంపాలంటే వంతెన మీదే చంపేవాణ్ణి. మూడు గద్దలెందుకు, ముప్పై పంపేవాణ్ణి," అన్నాడు మాంత్రికుడు నీరసంగా. "నీతో అన్నవన్నీ అబద్ధాలే. ఒకటి మాత్రం నిజం. నీతో ఒక ఆకులో అన్నం తిన్నాను చూడు, అలా తిని మూడు వందల ఏళ్ళయింది."

"అందుకా మా అమ్మను రాయిని చేశావు?"

"అడిగాను. ఇవ్వనంది. నాకు మరో విధంగా అడగడం తెలియదు." ముసలివాడు గొంతు సవరించుకున్నాడు. "విను. ఇక్కడే, ఇప్పుడే ఆవిణ్ణి విడిచిపెడతాను. వేలెత్తితే చాలు, కాళ్ళు కదిలించుకుని లేచి నడుస్తుంది. నువ్వు ఉండిపో. ఇష్టపడి ఉండిపో. ఈ కాళ్ళతో ఆరు మజిలీలు నువ్వెలాగూ పోలేవు. పన్నెండో మజిలీ దగ్గర మంచు, పధ్నాలుగో దగ్గర నిలువు చరియ. ఎక్కడో ఒకచోట పడి చస్తావు. ఎవరూ లేకుండా చస్తావు రా, నాయనా."

ఆ గొంతులో ఈసారి మోసం లేదు. కీర్తిధరుడికి ఆ సంగతి తెలుస్తూనే ఉంది, కష్టమంతా అక్కడే ఉంది. అవునంటే అమ్మ బతుకుతుంది, ఈ క్షణానే. తనకు కూడా ఎదుట ఒక మనిషి, ఒక గొంతు, వెచ్చటి గుహ. కొంగున ఉన్న మట్టెను వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. ఇదే బేరం అమ్మ ముందు పెట్టారు. ఆవిడ తన రెండు కాళ్ళూ ఇచ్చి కాదంది. అంత ఖరీదు పెట్టి ఆవిడ నిలబెట్టుకున్నదాన్ని తాను రాళ్ళు గుచ్చుకున్నాయని వదిలేస్తే, రేపు లేచి నడిచే ఆ కాళ్ళకు ఎలా మొక్కగలడు?

"నాకు తోడు కావాలి," అన్నాడు కీర్తిధరుడు.  "నీకెంత కావాలో ఈ పూట నాకూ అంతే కావాలి. నువ్వు చెంగన్నవు కాదని తెలిసినప్పుడు ఏడుపొచ్చింది. కాని నా కాళ్ళు విరిచి పక్కన కూర్చోబెట్టుకుంటే తోడెలా అవుతాను? తోడు కావాలంటే నువ్వే నడిచి రా. ఎగిరి కాదు. నీ కాళ్ళతో."

"వెక్కిరిస్తున్నావా?"

"లేదు. మజిలీలో నీళ్ళు ఒక్కడికే ఊరతాయి. సగం నీకిస్తాను."

ఆ మాట అని, ఇంకేమీ ఆగకుండా, కర్ర ఊతంగా దారి ఎక్కాడు. వెనక మాంత్రికుడు తిట్టాడు. శపించాడు. రాతి గుండెలు పగిలేలా అరిచాడు. బతిమాలాడు. కీర్తిధరుడు పళ్ళు బిగపట్టి అడుగు లెక్కపెట్టుకుంటూ పోయాడు. చుట్టూ మౌనగిరులు, తల మీద వంగుతున్న సూర్యుడు, పదో మజిలీ ఇంకా మూడు కోసుల దూరం. కాసేపటికి అరుపులు కూడా ఆగిపోయాయి. అంతకుముందు ఎన్నడూ ఎరగనంత నిశ్శబ్దం అతడి మీద పడింది. పోయాడు, ఎగిరిపోయాడు అనుకున్నాడు. అనుకుని, ఎందుకో తెలియదు, వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పుడు వెనకాల, చాలా దూరాన, పలకరాళ్ళ మీద ఏదో చప్పుడైంది. అలవాటు లేని కాలు ఒకటి తడబడుతూ నేల మీద ఆనింది. "అబ్బా!" అని ఒక చిన్న మూలుగు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఇంకో అడుగు.

వాడు తోడుకు వస్తున్నాడో, తెల్లూట చేరేలోగా గొంతు పిసకడానికి వస్తున్నాడో కీర్తిధరుడికి తెలియదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆగనూ లేదు. సొరబుర్ర ఎత్తి నీళ్ళు ఎంతున్నాయో చూసుకుని, దాహంతో నోరు పిడచకట్టుకుపోతున్నా సగమే తాగి ఆపి మూత బిగించాడు.